రష్‌లో మనుషులు మారలేదు, మరి సౌండ్ ఎందుకు మారింది?

మీ ప్రశ్న ఇది: కెనడా రాక్ బ్యాండ్ రష్‌లో గెడ్డీ లీ (బేస్, కీబోర్డ్, పాట), అలెక్స్ లైఫ్‌సన్ (గిటార్), నీల్ పియర్ట్ (డ్రమ్స్), అదే ముగ్గురు వాయిస్తుంటే 1976 నాటి ‘2112’ ఆల్బమ్‌కీ 1985 నాటి ‘పవర్ విండోస్’కీ పోలికే లేదేంటి, ప్రొడ్యూసర్ మారితే ఇంత తేడా వస్తుందా అని.

వస్తుంది. కాకపోతే రష్ విషయంలో కథ కొంచెం తిరగబడి ఉంటుంది.

ముందు ఆ మాట సంగతి. మనకి ప్రొడ్యూసర్ అనగానే డబ్బు పెట్టి సినిమా తీసేవాడు గుర్తొస్తాడు. రికార్డ్ ప్రొడ్యూసర్ పని దాదాపు మన డైరెక్టర్ పని. ఏ టేక్ ఉంచాలి, ఎవరు ముందు వినపడాలి, ఎవరు కాసేపు ఆగాలి, ఇవన్నీ చెప్పేది ఆయనే. ఇది నాకు చదివితే ఎక్కలేదు, దెబ్బ తింటే ఎక్కింది.

ఇంజనీరింగ్‌లో ఉండగా మా బ్యాండ్ తలా కొంత వేసుకుని హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో పాట రికార్డ్ చేసింది. నేను గిటార్. తీరా ప్లే చేసి వింటే నా గిటార్ ఎక్కడా లేదు. వాల్యూమ్ పెంచమన్నాను. పెంచితే పాటంతా గోలగోలగా తయారైంది. అక్కడి రికార్డిస్ట్ అన్న ఏమీ మాట్లాడకుండా కీబోర్డ్ ట్రాక్ మ్యూట్ చేశాడు. గిటార్ ఒక్కసారిగా పైకి తేలింది, ఫేడర్ (వాల్యూమ్ పెంచే మీట) అంగుళం కూడా కదల్లేదు! అప్పుడు కీబోర్డ్ వాడిని మళ్లీ కూర్చోబెట్టి, "ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో తమ్ముడూ, కుడి చేత్తోనే పైన వాయించు" అన్నాడు. వాడు ఎడమ చేత్తో పట్టే కార్డ్‌లూ (ఒకేసారి కలిపి వాయించే స్వరాలు), నేను గిటార్ మీద పట్టేవీ ఒకే స్వరస్థాయిలో ఉండి ఒకదాన్నొకటి మింగేస్తున్నాయట. వాడు ఆ రోజు బిర్యానీ వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. పాట మాత్రం నిలబడింది.

ఆ తర్వాత ‘సిగ్నల్స్’ (1982) విన్నప్పుడు నవ్వొచ్చింది. మొదటి పాట ‘సబ్‌డివిజన్స్’లో సింథసైజర్ (సింథ్, అంటే ఎలక్ట్రానిక్ శబ్దాలు పుట్టించే కీబోర్డ్) హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, లైఫ్‌సన్ గిటార్ గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది. గిటార్ వెనక్కి పోయిందని ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు.

విచిత్రమేంటంటే, ఆ ఆల్బమ్ ప్రొడ్యూసర్ కొత్తవాడేం కాదు. టెర్రీ బ్రౌన్. 1974లో వాళ్ల మొదటి ఆల్బమ్‌ని సరిదిద్దడానికి వచ్చి, 1975 నుంచి వరసగా ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లకి వాళ్లతో కలిసి పనిచేసినవాడు. ముగ్గురు వాయిస్తుంటే ముగ్గురూ విడివిడిగా వినపడటం ఆయన పనిలో నాకు బాగా నచ్చేది. 1977లో వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో ‘ఎ ఫేర్‌వెల్ టు కింగ్స్’ చేసినప్పుడు, టైటిల్ పాట మొదట్లో వచ్చే గిటార్‌ని బయట ఆవరణలోనే రికార్డ్ చేశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, వెనక పిట్టల కూతలు వినపడతాయి. అలాంటి గాలీ వెలుతురూ ఆ రోజుల రికార్డుల్లో బోలెడంత ఉంది. కెనడాలో క్యూబెక్‌లోని లె స్టూడియోలో చేసిన ‘మూవింగ్ పిక్చర్స్’ (1981)లో సింథ్ చాలానే ఉంటుంది, అయినా గిటార్‌కి దాని చోటు దానికి ఉంటుంది. ఆ తూకం అంతకన్నా బాగా మరెప్పుడూ కుదరలేదని నా అభిప్రాయం.

అంటే సింథ్ మీద మోజు బ్యాండ్‌దే, అదీ బ్రౌన్ ఉండగానే మొదలైంది. కొత్త దారి కావాలనుకున్నారు కాబట్టే ‘సిగ్నల్స్’ తర్వాత ఆయనతో విడిపోయారు. ప్రొడ్యూసర్ మారి సౌండ్ మారిందని మనం అనుకుంటాం గానీ, సౌండ్ మార్చుకోవాలనే వాళ్లు ప్రొడ్యూసర్‌ని మార్చారు. ‘గ్రేస్ అండర్ ప్రెషర్’ (1984) పీటర్ హెండర్సన్‌తో చేశారు. ఆ మరుసటి ఏడాది ‘పవర్ విండోస్’కి పీటర్ కాలిన్స్ వచ్చాడు. ఆయన బ్రిటిష్ పాప్ రికార్డులు చేసిన మనిషి. కీబోర్డ్‌లకి వేరే మనిషిని పిలిపించారు, పైగా వయొలిన్లు, బృందగానం కూడా చేర్చారు. నిండిపోయిన ఇంట్లో లైఫ్‌సన్ ఏం చేశాడో గమనించండి: లావుపాటి కార్డ్‌లు తగ్గించి, సన్నగా మెరిసే తీగల శబ్దంతో సందుల్లోంచి దూరాడు. మా కీబోర్డ్ వాడి ఎడమ చెయ్యి జేబులోకి పోయినట్టే, ఇక్కడ గిటార్ సర్దుకుంది. ఆ ఆల్బమ్ బాగోదని నేననను. ‘మారథాన్’ చివర బృందగానం వస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ రోజూ వినలేను.

అంతా ప్రొడ్యూసర్ మీదే ఉంటుందనే వాళ్లు ‘కౌంటర్‌పార్ట్స్’ (1993) వినాలి. దానికీ ప్రొడ్యూసర్ ఇదే కాలిన్స్! అయినా గిటార్ మొరటుగా, మొహం మీదకి వచ్చేస్తుంది. ఈసారి రికార్డింగ్ ఇంజనీర్‌గా కెవిన్ షర్లీ ఉన్నాడు, ఆయనది పచ్చిగా, నేరుగా పట్టే పద్ధతి. లైఫ్‌సన్‌కి కావలసింది కూడా అప్పటికి అదే.

ఒక్క గంట తీరిక చేసుకుని ‘సబ్‌డివిజన్స్’, ‘పవర్ విండోస్’లోని ‘ది బిగ్ మనీ’, ‘కౌంటర్‌పార్ట్స్’లోని ‘స్టిక్ ఇట్ అవుట్’ ఈ వరసలో వినండి. ఫోన్ స్పీకర్ వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. పాటని వదిలేసి, గిటార్ ఎక్కడ నిలబడి ఉందో వెతకండి చాలు.