అతుకు నిలిచింది, కేబుల్ తెగింది!

ప్రశ్న: రిమోట్‌తో నడిచే మోడల్ పడవ చేసుకున్నాను. మోటారు నుంచి ప్రొపెల్లర్‌కు వెళ్లే 4.76 మి.మీ. ఫ్లెక్స్ కేబుల్‌ను స్టీలు షాఫ్టుకు ఫ్రిజ్ మెకానిక్ దగ్గర గ్యాస్‌తో అతికించాను. అతుకు గట్టిగానే ఉంది, దాని పక్కనే కేబుల్ తెగింది. ఈసారి ఇంట్లో చిన్న సోల్డరింగ్ ఐరన్‌తో అతికిస్తే ఆగుతుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తెగిన కొసను వెలుతురులో పెట్టి చూడండి. తీగలు నీలంగానో నల్లగానో మారి ఉంటే తప్పు వేడిదే. ఈ కేబుల్ అంతా పొరలు పొరలుగా చుట్టిన స్ప్రింగు తీగ. 300 డిగ్రీల దగ్గర నీలం తిరుగుతుంది, ఇంకా కాల్చితే బిగువు చచ్చిపోతుంది. మెకానిక్ అతకడానికి కరిగించే కడ్డీ కరగాలంటే 600 పైనే కావాలి. పైగా రాగి గొట్టాల కడ్డీల్లో చాలావాటికి ఫాస్ఫరస్ ఉంటుంది. ఇనుముతో కలిస్తే అది పెళుసు. పాపం, ఆయన్ని అనకండి, ఆయన పని రాగితో.

మీకు కావలసింది 96 శాతం తగరం, 4 శాతం వెండి ఉన్న సోల్డర్. 221 డిగ్రీలకే కరుగుతుంది. ఊరికే ‘సిల్వర్ సోల్డర్’ అంటే కొట్లో నగల టంకం చేతిలో పెట్టినా పెడతారు, చుట్ట మీద అంకె చూసి కొనండి. సోల్డర్ పట్టడానికి ముందు పూసే ఫ్లక్స్ జింక్ క్లోరైడ్‌ది ఉండాలి. రేడియో రిపేరు రోజిన్ స్టీలు మీద పనిచేయదు. చిన్న ఐరన్‌కు షాఫ్టును వేడెక్కించే శక్తి ఉండదు, చిన్న బ్యూటేన్ టార్చ్ తీసుకోండి.

నన్నడిగితే సగం పని కడగడమే. పొరల మధ్య గ్రీజు చుక్క మిగిలినా సోల్డర్ పట్టదు. కొసను అసిటోన్‌లో నానబెట్టి, మెలితిప్పుతూ కడిగి, పూర్తిగా ఆరాకే మంట వెలిగించండి. కేబుల్ దూరే షాఫ్టు రంధ్రాన్ని లోపల గరుకు కాగితంతో రుద్దండి. అడుగున గాలి పోయే చిన్న బెజ్జం లేకపోతే వేయించండి. లేదంటే లోపలి గాలి సోల్డర్‌ను బయటికి తోసేస్తుంది.

మంట షాఫ్టుకే చూపండి, కేబుల్‌కు వద్దు. అతుకుకు కాస్త ఎగువన కేబుల్‌కు తడిగుడ్డ చుట్టండి. సోల్డర్‌ను రంధ్రం అంచుకు తాకిస్తే తనే లోపలికి పీల్చుకుంటుంది. అంచు చుట్టూ మెరిసే వలయం కనపడగానే ఆపేయండి. ఆశపడి ఇంకా పోస్తే కేబుల్ పైకి పాకి, అంతమేరా కడ్డీలా బిగుసుకుపోయి, మళ్లీ అక్కడే తెగుతుంది. చల్లారేదాకా కదపకండి. తర్వాత వంటసోడా నీళ్లలో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూయండి. మిగిలిన ఫ్లక్స్ రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది.

పడవలో బిగించేటప్పుడు డ్రైవ్ డాగ్‌కూ (ప్రొపెల్లర్‌ను పట్టి తిప్పే ముక్క) స్ట్రట్‌కూ (పడవ వెనుక షాఫ్టును మోసే బ్రాకెట్) మధ్య 3 మి.మీ. ఖాళీ వదలండి. లోడు పడితే కేబుల్ పొట్టిదవుతుంది.