జీన్ ఎడిటింగ్‌లో పరిశోధనకు వెళ్లాలంటే రెండు రోజుల క్రిస్పర్ వర్క్‌షాప్ పనికొస్తుందా?

పనికిరాదు. ఆ ఫీజు డబ్బులతో ఫిల్టర్ ఉన్న పిపెట్ టిప్పులు కొనుక్కోండి, పిపెట్ లోపలి మురికి నమూనాలోకి దిగకుండా ఆపేవి అవే.

మీరు ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాదిలో ఉన్నారు. జీన్ ఎడిటింగ్‌లో పీహెచ్‌డీ చేయాలని ఉందని, క్రిస్పర్ (డీఎన్‌ఏని కావలసిన చోట కోసి మార్చే పద్ధతి) ఒక్కటి వస్తే చాలా, ఆర్‌ఎన్‌ఏ కూడా నేర్చుకోవాలా అని అడిగారు. అసలు ఆ రెండింటినీ విడదీయడంలోనే తిరకాసు ఉంది. డీఎన్‌ఏని కోసే క్యాస్9 ప్రొటీన్‌ని కత్తెర అని అందరూ చెబుతారు. ఆ కత్తెరకు చోటు చూపించేది దాదాపు 100 అక్షరాల (న్యూక్లియోటైడ్ల) గైడ్ ఆర్‌ఎన్‌ఏ. కత్తెర ఫ్రీజర్‌లో నెలల తరబడి కులాసాగా ఉంటుంది. బెంచి మీద చచ్చిపోయేది గైడే.

2020 నోబెల్ పంచుకున్న జెనిఫర్ డౌడ్నాని చూడండి. ఆవిడ క్రిస్పర్ మనిషి అనుకుంటారు గానీ, అంతకు ముందు రెండు దశాబ్దాలూ ఆర్‌ఎన్‌ఏతోనే కుస్తీ పట్టారు. హార్వర్డ్‌లో జాక్ షోస్టాక్ దగ్గర, కొలరాడోలో థామస్ చెక్ దగ్గర పనిచేసింది రైబోజైముల (ఎంజైముల్లా పనిచేసే ఆర్‌ఎన్‌ఏల) మీద. 1996లో, యేల్‌లో ఉండగా, ఒక రైబోజైములో 160 అక్షరాల ముక్క త్రిమితీయ ఆకారాన్ని బయటపెట్టారు. అందులో జీఏఏఏ అనే నాలుగక్షరాల మలుపు ఒకటి వెనక్కి వంగి ఇంకో భాగంలో ఒదిగిపోయి కనిపిస్తుంది. 2012లో ఎమ్మాన్యుయెల్ షార్పెంటియేతో కలిసి వేసిన పేపర్‌లో, బ్యాక్టీరియాలో విడివిడిగా ఉండే రెండు ఆర్‌ఎన్‌ఏలను ఒకే గైడ్‌గా అతికించారు కదా, ఆ అతుకు ఏమిటో తెలుసా? అదే జీఏఏఏ. ఆర్‌ఎన్‌ఏ మడతలు చేతికి అలవాటైన ల్యాబ్‌కి తట్టే ఆలోచన అది. ఇదంతా వదిలేసి మన పోటీ పరీక్షల్లో ప్యామ్ సీక్వెన్స్ (క్యాస్9 కోయాలంటే టార్గెట్ పక్కనే ఉండాల్సిన మూడక్షరాలు) ఏది అని నాలుగు ఆప్షన్లిస్తారు. ఎన్‌జీజీ అని టిక్కు పెట్టినవాడికి జెల్ పోయడం రాకపోయినా ఫెలోషిప్ వస్తుంది.

సరే, గైడ్ తయారీకి వద్దాం. రెండు ఒలిగోలు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు) కావాలి. మొదటిదాంట్లో టీ7 ప్రమోటర్ (టీ7 ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏ రాయడం మొదలెట్టే చోటు), దాని వెనకే మీ జీన్‌కి సరిపోయే 20 అక్షరాలు, చివర స్కాఫోల్డ్ (గైడ్‌లో క్యాస్9 పట్టుకునే భాగం) మొదలు. రెండోది సుమారు 80 అక్షరాల స్కాఫోల్డ్. ఇది అన్ని గైడ్‌లకీ ఒకటే, ఒక్కసారి ఆర్డర్ పెడితే చాలు. పీసీఆర్‌లో రెండూ అతుక్కుంటే టెంప్లేట్ (ఆర్‌ఎన్‌ఏని నకలు తీసే అచ్చు) సిద్ధం. మీ 20 అక్షరాలు జీతో మొదలవకపోతే టీ7 మొరాయిస్తుంది, ముందు ఒకటో రెండో జీలు తగిలించాలి. మొక్కల వెక్టర్లలో (జీన్‌ని మొక్క కణంలోకి మోసుకెళ్లే డీఎన్‌ఏల్లో) అయితే యూ3 ప్రమోటర్‌కి మొదట్లో ఏ కావాలి, యూ6కి జీ.

ఈ టెంప్లేట్ నుంచి టీ7 ఎంజైమ్‌తో ఆర్‌ఎన్‌ఏ రాయించే రియాక్షన్ 20 మైక్రోలీటర్లు, 37 డిగ్రీలు, నాలుగు గంటల నుంచి రాత్రంతా. అన్నీ ఐస్ మీద కలపడం అలవాటైన చెయ్యి ఇక్కడే దెబ్బతింటుంది. బఫర్‌లో స్పెర్మిడిన్ ఉంటుంది. చల్లదనంలో అది టెంప్లేట్ డీఎన్‌ఏని పట్టుకుని అడుక్కి దించేస్తుంది. ఎంజైమ్ ఒక్కటే ఐస్ మీద ఉంచి, కలపడం మాత్రం గది ఉష్ణోగ్రత దగ్గర చేయాలి.

పొద్దున ట్యూబు తీసి చూస్తే లోపల గంజినీళ్లలా తెల్లగా ఉంటుంది. కొత్తవాళ్లు పాడైందని పారబోస్తారు. అయ్యో, పారబోయకండి! గొలుసుకి ఒక్కో అక్షరం చేరినప్పుడల్లా ఒక పైరోఫాస్ఫేట్ ఊడిపడుతుంది, అది మెగ్నీషియంతో కలిసి అలా తెల్లగా దిగుతుంది. ఆర్‌ఎన్‌ఏ దండిగా తయారైందనడానికి అదే గుర్తు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేట తీసుకోండి, లేదా ఈడీటీఏ వేస్తే కరిగిపోతుంది. తెల్లారేసరికి కూడా నీళ్లలా తేటగా ఉందంటే అప్పుడు కంగారు పడండి.

తర్వాత 37 డిగ్రీల దగ్గర పావుగంట డీఎన్‌ఏజ్ (టెంప్లేట్‌ని తినేసే ఎంజైమ్), ఆపైన యూరియా కలిపిన 10 శాతం పాలీఅక్రిలమైడ్ జెల్ (ముక్కల్ని పొడవుని బట్టి విడదీసేది). అందులో కలిపే రెండు రంగుల్లో బ్రోమోఫినాల్ బ్లూ 12 అక్షరాల ముక్కతో సమానంగా, జైలీన్ సయనాల్ 55 అక్షరాల ముక్కతో సమానంగా పరిగెడతాయి. రెండో రంగు సగం దాటేదాకా ఆపకండి. 100 దగ్గర ఒకే గట్టి గీత ఉంటే గైడ్ దక్కినట్టే. గీత కింద చీపురుతో ఊడ్చినట్టు మరక ఉంటే ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైమ్) తినేసింది. నానోడ్రాప్ అనే కాంతి కొలిచే యంత్రంలో శుద్ధి చూపే 260/280 నిష్పత్తి 2.0 వచ్చిందని జెల్ మానేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. తునాతునకలైన ఆర్‌ఎన్‌ఏ కూడా అదే అంకె చూపిస్తుంది.

ఆ ఆర్‌ఎన్‌ఏజ్ ఎక్కడిది? చేతుల మీదిది కొంత. అసలు దొంగ ప్లాస్మిడ్ మినీప్రెప్ కిట్ (బ్యాక్టీరియా నుంచి డీఎన్‌ఏ తీసేది). అందులో మొదటి బఫర్‌లో ఆర్‌ఎన్‌ఏజ్ ఏ మనమే పోస్తాం. అదే పిపెట్‌తో మధ్యాహ్నం గైడ్ కలిపితే ఇంకేముంది! ఆటోక్లేవ్ చేశాం కదా అంటారు. నాలుగు డైసల్ఫైడ్ కట్లున్న ప్రొటీన్ అది, వేడికి విప్పారినా చల్లారగానే మళ్లీ మడత పడుతుంది. నీళ్లకి 0.1 శాతం డీఈపీసీ (ఆర్‌ఎన్‌ఏజ్‌ని పనికిరాకుండా చేసే రసాయనం) కలిపి రాత్రంతా ఉంచి ఆటోక్లేవ్ చేయవచ్చు. ట్రిస్ బఫర్‌కి మాత్రం వద్దు, ట్రిస్‌లోని అమైన్ డీఈపీసీని మింగేస్తుంది. అలా శుద్ధి చేసిన నీళ్లతోనే ట్రిస్ కలుపుకోవాలి.

గైడ్ బాగుందో లేదో తేల్చడానికి కణాల దాకా పోనక్కర్లేదు. టార్గెట్ ఉన్న పీసీఆర్ ముక్క ఒక వంతుకి క్యాస్9, గైడ్ పదేసి వంతులు (మోలార్ లెక్కన) వేయండి. ముందు ఆ రెండింటినీ పది నిమిషాలు కలిపి ఉంచి, తర్వాత డీఎన్‌ఏ చేర్చి, 37 డిగ్రీల దగ్గర గంట. పదిరెట్లు ఎందుకంటే క్యాస్9 కోసిన చోటే కూర్చుండిపోతుంది, ఇంకో దాని మీదకి పోదు. జెల్‌కి ముందు ప్రొటీనేజ్ కే (ప్రొటీన్లని తినే ఎంజైమ్) వేయకపోతే ఆ ప్రొటీన్ బరువుకి గీతలు పైనే వేలాడి, కోయలేదేమో అనిపిస్తుంది. ఇంకో మాట, టీ7తో చేసిన గైడ్‌కి ముందు కొసన మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. మనిషి కణాలు దాన్ని వైరస్ అనుకుని ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌ని ఎదుర్కొనే ప్రొటీన్) మొదలెడతాయి, కణాలు చస్తాయి, ఎడిటింగ్‌ని తిడతాం. ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌తో ఆ ఫాస్ఫేట్లు తీసేస్తే గొడవ తీరుతుంది.

మన దగ్గర అవకాశాలుంటాయా అని కూడా అడిగారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) సంగతి మీకు తెలిసిందే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ మన బాపట్ల సాంబ మసూరిలో సీకేఎక్స్2 జీన్‌ని ఎడిట్ చేసి డీఆర్‌ఆర్ ధాన్ 100 తెచ్చింది, 2025 మేలో కేంద్రం ప్రకటించింది. బయటి జీన్ మిగలని ఇలాంటి ఎడిటింగ్‌కి 2022 మార్చిలో జీఎం నిబంధనల నుంచి మినహాయింపు వచ్చింది కాబట్టి మొక్కల వైపు దారి కాస్త తేలిక.

ఏ ల్యాబ్‌కి ఇంటర్వ్యూకి వెళ్లినా ఆర్‌ఎన్‌ఏ పనికి వేరే పిపెట్ల సెట్టు ఉందా అని అడగండి. మినీప్రెప్‌లకీ దీనికీ ఒకటే అంటే ఇంకో ల్యాబ్‌లో ఇంటర్వ్యూ కూడా చూసుకోండి.