తిరస్కరించింది ఎవరు?

నెల్లూరు, మూలాపేట

తమ్ముడికి, ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కావలిలో ఉద్యోగం చేసుకుంటూ, పాలిటెక్నిక్ పిల్లల కోసం డేటాబేస్ కనెక్షన్ కుదరనప్పుడు ఏం చేయాలో తెలుగులో రాయాలన్న నీ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. అందుకే నచ్చనిది కూడా దాచకుండా రాస్తున్నాను.

మొదటి వాక్యంలోనే 'సర్వర్ మీ కనెక్షన్‌ను తిరస్కరించింది' అన్నావు. ఆ క్రియకు కర్త ఎవరు? తెరమీద కనబడే 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అనే ముక్కలో కర్త లేడు. తెలుగు చేసేటప్పుడు నువ్వే సర్వర్‌ను, అంటే డేటాబేస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, తెచ్చి ఆ పీట మీద కూర్చోబెట్టావు. నిజానికి పిల్లవాడు రాసిన ప్రోగ్రాము వచ్చిన సంగతే సర్వర్‌కు తెలియదు. అది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడే 5432 నంబరు పోర్టు తలుపు తట్టింది, అక్కడ వినేవారు ఎవరూ లేరని ఆపరేటింగ్ సిస్టమ్ వెంటనే తిప్పి పంపింది. లినక్స్‌లో ఆ జవాబు సంఖ్య 111, విండోస్‌లో 10061. రాకపోకలకు కాపలా కాసే ఫైర్‌వాల్ కూడా అలా తిప్పి పంపవచ్చు గాని, సొంత కంప్యూటర్‌లో అది అరుదు.

నీ వాక్యం చదివిన పిల్లవాడు పాస్‌వర్డ్ తప్పేమో అనుకుంటాడు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. వరి కోతల రోజులు. ఒక రైసు మిల్లులో కరెంటు పోయి వచ్చాక కాటా చీటీలు రావడం ఆగిపోయింది. ధాన్యం లారీలు రోడ్డు దాకా బారులు తీరాయి. గుమాస్తా నా వెనకే నిలబడి తెరనే చూస్తున్నాడు. గంటన్నర సేపు పాస్‌వర్డులు మార్చాను. చివరికి డేటాబేస్ తన సంగతులు రాసుకునే లాగ్ ఫైలు తెరిస్తే అట్టడుగు వరుసలో ఉంది: డిస్కులో చోటు లేదు. పాత బ్యాకప్పులతో డిస్కు నిండిపోయి, కరెంటు వచ్చాక డేటాబేస్ అసలు లేవనే లేదు. లేవని సర్వర్‌కు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మారిస్తే ఏం లాభం? బ్యాకప్పులను వేరే డిస్కుకు మార్చి సర్వీసు మొదలుపెట్టగానే మొదటి చీటీ బయటికి వచ్చింది. ఆ ప్రింటరు చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కాబట్టి ఏ జవాబు ఎవరి నుంచి వస్తుందో ముందు విడదీసి చెప్పు. వెంటనే తిప్పి పంపితే ఆ పోర్టులో వినేవారు లేరు. ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేకపోతే, దారిలో ఫైర్‌వాల్ మింగేస్తూ ఉండవచ్చు, చిరునామాయే తప్పు కావచ్చు. పాస్‌వర్డ్ తప్పని వస్తే మాత్రం సంతోషించమను. సర్వర్ లేచే ఉంది, మాట్లాడుతోంది. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో 1045 అంటే అదే.

ఇక 'లోకల్‌హోస్ట్'. ఆ మాటకు అర్థం 'ఇక్కడ'. ఫోనులో ఎవరైనా 'ఇక్కడ వాన పడుతోంది' అంటే ఏ ఊళ్లో అని అడుగుతాం కదా! డాకర్ కంటైనర్‌లో, అంటే కంప్యూటర్ లోపలే విడిగా కట్టిన గదిలాంటి చోట, నడిచే ప్రోగ్రాముకు 'ఇక్కడ' అంటే ఆ కంటైనరే, బయట ఉన్న కంప్యూటర్ కాదు. ఒకే కంప్యూటర్‌లోనూ చిక్కు ఉంది. ఆ పేరుకు 127.0.0.1 అనే పాత చిరునామా, ::1 అనే కొత్త చిరునామా రెండూ ఉంటాయి. సర్వర్ ఒకదాని దగ్గర వింటుంటే ప్రోగ్రాము రెండోదాన్ని తట్టి వెనక్కి వస్తుంది. లినక్స్‌లో మైఎస్‌క్యూఎల్ క్లయింట్ అయితే లోకల్‌హోస్ట్ అనగానే పోర్టును వదిలేసి, ఒకే కంప్యూటర్‌లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే సాకెట్ ఫైలు కోసం వెతుకుతుంది. నువ్వు దీన్నంతా రెండు వాక్యాల్లో దాటేశావు. పిల్లలు ఎక్కువగా పడేది ఈ గుంటలోనే, ఇక్కడ ఇంకాసేపు నిలబడు.

పోర్టుల సంగతి క్లుప్తంగా చాలు. ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ రెండో వెర్షన్ కూడా వేస్తే అది 5433కు వెళ్తుందని ఒక్క మాట చేర్చు. 'తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి' అన్న సలహా మాత్రం కొట్టెయ్. ఆ మాట నమ్మి డేటా ఫోల్డరు కూడా చెరిపేసుకునేవాళ్లు ఉంటారు, ఆ పాపం మనకెందుకు? సర్వీసు నడుస్తోందో లేదో చూడమను, లేకపోతే లాగ్ చదవమను.

తిరిగి రాసే ముందు నీ కంప్యూటర్‌లో డేటాబేస్‌ను నువ్వే ఆపి చూడు. తర్వాత నడిపించి తప్పు పాస్‌వర్డ్ ఇవ్వు, ఆ తర్వాత తప్పు పోర్టు ఇవ్వు. ప్రతిసారీ తెరమీద వచ్చిన మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకో.

శనివారం పినాకినిలో ఒంగోలు వెళ్తున్నాను. కావలిలో బండి ఆగినప్పుడు కొత్త ప్రతి చేతికివ్వు. ఒంగోలు చేరేలోగా చదివేస్తాను.

మీ అక్క