హైదరాబాద్ నుంచి డల్లస్ ఎంత దూరం? అమ్మానాన్నలు మొదటిసారి వస్తున్నారు, ఎన్ని గంటలు పడుతుంది?

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే శంషాబాద్ నుంచి డల్లస్‌కి దాదాపు 14,400 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానం లేదు కాబట్టి మీ అమ్మానాన్నలకి ఆ లెక్కతో పని లేదు. దుబాయ్ మీదుగా అయితే మొదట 2,550, తర్వాత 12,900. గాల్లో ఉండేది దగ్గర దగ్గర నాలుగు గంటలు, ఆపైన పదహారు. తిరిగి వచ్చేటప్పుడు పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది, గంటో గంటన్నరో కలిసొస్తుంది.

మా అమ్మాయి డల్లస్ పక్కనే ఫ్రిస్కోలో ఉంటుంది, నేను మూడుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి ఫిబ్రవరిలో. టికెట్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకి ఎక్కి అదే తేదీన మధ్యాహ్నం మూడు ముప్పావుకి దిగినట్టు ఉంది. చలికాలంలో డల్లస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అంటే గడిచేవి దాదాపు 23 గంటలు. మేం నల్గొండలో ఇంటికి తాళం వేసింది ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకి. ఇమిగ్రేషన్ లైను దాటి కూతురి ఇంట్లో కాళ్లు కడుక్కునేసరికి 32 గంటలు దాటాయి. మీరు లెక్క వేయాల్సింది ఇది.

ముందున్న తెరలో మ్యాపు పెట్టుకుని కూర్చున్నాను. అమెరికా పడమర కదా, విమానం పైపైకి ఉత్తరానికి పోతోంది. ఎనిమిదో గంటలో గ్రీన్‌లాండ్ వైపు వచ్చాం. కిందంతా తెల్లగా, ఎక్కడా ఒక రోడ్డు గీత కూడా లేదు. భూమి గుండ్రం కాబట్టి అదే దగ్గరి దారి అని ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన నాకు తెలుసు. అయినా కళ్లారా చూస్తే ఒళ్లు జలదరించింది. లేచి నాలుగడుగులు వేద్దామంటే పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదు. మావారికి మధ్య సీటు వచ్చింది. పక్కాయన నిద్రపోతుంటే లేపలేక ఏడు గంటలు బాత్రూముకి కూడా లేవలేదు, నీళ్లు తాగడమే మానేశారు. ఆయనకి షుగరు. నాకు ఇప్పటికీ ఆ మొహమే గుర్తొస్తుంది.

పిల్లలు టికెట్ చూసేటప్పుడు మొత్తం గంటలు ఎక్కడ తక్కువో అదే బుక్ చేస్తారు. రెండోసారి మాకు విమానం మారడానికి గంటా ఇరవై నిమిషాలే ఉంది. మొదటి విమానం ఆలస్యమై, మోకాళ్ల నొప్పులతో పరుగెత్తాం. గేటు మూసేముందు చేరాం, సామాను మాత్రం రెండు రోజుల తర్వాత వచ్చింది. పెద్దవాళ్లకి మధ్యలో నాలుగు గంటలైనా ఉండాలి. కాస్త ముఖం కడుక్కుని, ఏదైనా తిని, మందులు వేసుకోవాలి కదా. వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడతారు, మీరే టికెట్‌తో పాటు పెట్టించండి. డబ్బులు ఎక్కువైనా నడవ పక్క సీట్లే తీసుకోండి, ఇద్దరికీ.