రాజీనామా వద్దు, సెలవు పెట్టించండి

ప్రశ్న: మాది నర్సంపేట. నాకు 30 ఏళ్లు, చిన్న ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఏడాది మొత్తం మీద సగటున నెలకు 25 వేలు మిగులుతాయి. నా భార్య వరంగల్‌లో ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ దగ్గర రెండేళ్లుగా పనిచేస్తోంది. జీతం 14 వేలు. అందులో పీఎఫ్‌తో పాటు ఈఎస్ఐ కింద 105 రూపాయలు కోస్తారు. ఆమెకు ఇప్పుడు ఐదో నెల, జూలైలో కాన్పు. ఏడో నెల రాగానే ఉద్యోగం మానేస్తుంది. ఇంటి ఖర్చు నెలకు 24 వేలు. బ్యాంకులో 1,10,000 ఉన్నాయి. హనుమకొండలో మేము చూపించుకుంటున్న ఆసుపత్రిలో మామూలు కాన్పుకు 35 వేలు, ఆపరేషన్‌కు 60 వేలు అన్నారు. తొలి కాన్పు కాబట్టి ఖర్చు తానే పెట్టుకుంటానని మా మామగారు అంటున్నారు. ఆయన పరకాల దగ్గర పత్తి రైతు. నెలకు 5 వేల చొప్పున 20 ఏళ్లు కట్టే పిల్లల పాలసీ తీసుకోమని బంధువైన ఏజెంటు చెబుతున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: మీరు అడిగింది పాలసీ గురించి. నా చూపు మాత్రం మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన ఆ 105 రూపాయల దగ్గర ఆగిపోయింది. మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట అదే.

జీతం నెలకు 21 వేలు మించని ఉద్యోగులకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, వర్తిస్తుంది. ఉద్యోగి జీతంలో 0.75 శాతం కోస్తారు, యజమాని మరో 3.25 శాతం కడతారు. మీ ఇంట్లో రెండేళ్లుగా జరుగుతున్నది ఇదే. దానికి బదులుగా తొలి కాన్పుకు 26 వారాల సెలవు కాలానికి పూర్తి జీతం లెక్కన ప్రసూతి భత్యం వస్తుంది. అంతకు ముందటి రెండు చందా కాలాల్లో, అంటే వరుసగా రెండు ఆరు నెలల్లో, కలిపి 70 రోజులకు చందా కట్టి ఉంటే చాలు. మీ శ్రీమతి ఆ గడప ఎప్పుడో దాటారు. ఆమె జీతానికి ఇది 84 వేలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మీరు వదులుకోబోతున్నది ఈ మొత్తం.

కాబట్టి ఏడో నెలలో రాజీనామా రాయించకండి. ప్రసూతి సెలవు పెట్టించండి. కాన్పుకు ముందు గరిష్ఠంగా 8 వారాలు వాడుకోవచ్చు, అంటే ఆమె మానేద్దామనుకున్న సమయానికి కొన్ని వారాల తర్వాత సెలవు మొదలుపెట్టవచ్చు. నర్సంపేట నుంచి వరంగల్‌కు రోజూ బస్సులో వెళ్లి రావడం ఆ నెలల్లో సులువు కాదని నాకు తెలుసు. డాక్టరు ఒప్పుకుంటే మాత్రం ముందు నాలుగు వారాలే తీసుకుని, మిగిలిన 22 వారాలు బిడ్డ పుట్టాక ఉంచుకోవడం మేలు. ప్రసూతి భత్యం అందుకుంటున్న కాలంలో యజమాని ఆమెను ఉద్యోగంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. తిరిగి వెళ్లాలా వద్దా అన్నది బిడ్డను ఎత్తుకున్నాక ఆమె తేల్చుకోవాలి. ఐదో నెలలోనే ఆ తలుపు మూసేయడం ఎందుకు?

ఈ వారమే ఆమె ఈఎస్ఐ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు సరిపోలుతున్నాయో లేదో చూడండి. పేరులో ఒక్క అక్షరం తేడా వల్ల నెలల తరబడి డబ్బు ఆగిపోయిన కుటుంబాలను చూశాను. ఈఎస్ఐ వైద్యం మీకూ, పుట్టబోయే బిడ్డకూ వర్తిస్తుంది కాబట్టి జనన ధ్రువపత్రం రాగానే బిడ్డ పేరు కూడా నమోదు చేయించండి. మీ అంతట మీరు ఎంచుకున్న ప్రైవేటు ఆసుపత్రి బిల్లును మాత్రం ఈఎస్ఐ కడుతుందని లెక్కలో వేసుకోవద్దు.

ఇక ఆ బిల్లు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో నూటికి 60.7 ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. మామూలు కాన్పు కావాలని కోరుకోండి, డబ్బు మాత్రం ఆపరేషన్‌కు సిద్ధం చేసుకోండి. వాళ్లు చెప్పిన 60 వేలలో మందులు, అదనపు రోజుల గది అద్దె, పసిబిడ్డ పరీక్షలు ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి. నేనైతే 90 వేలు పక్కన పెడతాను. అలాగే వరంగల్‌లోని సీకేఎం ప్రభుత్వ ఆసుపత్రినో, హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రినో ఇద్దరూ ఒకసారి వెళ్లి చూసి రండి. చూసి వద్దనుకుంటే వద్దు. చూడకుండానే వద్దనుకోవడం వల్ల ఎన్నో ఇళ్లు అప్పుల్లో పడ్డాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ మామగారి మాట. తొలి కాన్పు పుట్టింటి బాధ్యత అన్న ఆనవాయితీని నేను తప్పుపట్టడం లేదు, ఆయన ప్రేమతోనే అన్నారు. కానీ జూలైలో పత్తి రైతు చేతిలో డబ్బు ఉంటుందా? విత్తనాలకు, ఎరువులకు, కూలీలకు ఉన్నదంతా చేనులో పెట్టి ఉంటారు. పత్తి ఏనుమాముల మార్కెట్‌కు చేరి నాలుగు రూపాయలు కనపడేది దసరా తర్వాతే. ఈలోగా ఆయన తెచ్చేది నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి. శ్రీమంతం, ఆసుపత్రి, ఇరవై ఒకటో రోజు వేడుక, అన్నీ కలిపి లక్షన్నర అప్పయితే నెలకు 3 వేలు వడ్డీకే పోతాయి. మీ బిడ్డ పేరు మీద ఆ ఇంటికి అప్పు మిగలకూడదు.

మీ స్టూడియో పరిస్థితీ అప్పుడు అంతే. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, పెళ్లిళ్ల ఆర్డర్లూ ఉండవు. నెలకు 25 వేలన్నది సగటే కానీ ఆ నెలలో మీ చేతికొచ్చేది ఎంతో మీకే తెలుసు. అందుకే పెళ్లిళ్ల కాలమైన ఈ మూడు నెలల్లో నెలకు 12 వేలు తీసి విడిగా పెట్టండి. ఇప్పుడున్న దానితో కలిపితే జూలైకి 1,46,000 అవుతాయి. ఆసుపత్రికి 90 వేలు పోయినా 56 వేలు మిగులుతాయి. మీ ఇంటికి అవి రెండు నెలల ఖర్చుకు పైనే. ఆ తర్వాత ఈఎస్ఐ డబ్బు తోడవుతుంది. అది కొంత ఆలస్యంగా చేతికందినా ఇబ్బంది పడరు. ఎంత లెక్క వేసినా లోటు వస్తే, ఇంట్లో బంగారం ఉంటే దాని మీద బ్యాంకులో రుణం తీసుకోండి. ఊళ్లో వడ్డీకంటే అది చాలా చవక.

పాలసీ ఇప్పుడు వద్దు. నెలకు 5 వేలంటే మీ ఆషాఢం ఆదాయంలో పెద్ద భాగం. ఇలాంటి పాలసీల్లో నేను లెక్కగట్టినంతవరకు రాబడి ఏటా 5, 6 శాతం దగ్గరే ఆగుతుంది. మొదటి ఏడాదిలోనే కట్టలేక ఆపేస్తే కట్టింది చాలావరకు పోతుంది. బంధువు మాట కాదనలేక ఇప్పటికే సంతకం చేసి ఉంటే, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోగా తిప్పి పంపవచ్చు.

బిడ్డకు నిజంగా కావలసిన బీమా మీ ప్రాణం మీద ఉండాలి. 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితేనే ఇంటికి డబ్బు వచ్చే పాలసీ, తీసుకోండి. పొగ తాగే అలవాటు లేకపోతే మీ వయసుకు ఏడాదికి పదివేలలోపే దొరకవచ్చు. కంపెనీలు ఆదాయ రుజువు అడుగుతాయి కాబట్టి ఐటీ రిటర్ను వేయడం మొదలుపెట్టండి. అది కుదిరేలోగా మీ బ్యాంకులోనే ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఇద్దరూ తీసుకోండి.

పొదుపు మాట బిడ్డ మొదటి పుట్టినరోజుకు చూద్దాం. ఆడపిల్ల అయితే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా, ఏడాదికి 250 రూపాయలతోనైనా నడుస్తుంది. మగపిల్లాడైతే పీపీఎఫ్, అంటే ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా. నెలకు వెయ్యితో మొదలుపెడితే చాలు.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. రోహిణి కార్తె రాకముందే, ఆయన వడ్డీ వ్యాపారి గడప తొక్కకముందే పరకాల వెళ్లి మీ మామగారి పక్కన కూర్చోండి. ఆసుపత్రి డబ్బు సిద్ధంగా ఉందని లెక్క చూపించండి. కూతురు కాన్పు తర్వాత పుట్టింట్లో ఉండే ఆ రెండు మూడు నెలలు ఆయన, అత్తగారు చూసుకునేదానికి వెల కట్టలేమని, మీకు కావలసింది అదేనని చెప్పండి.