నలభై దాటాక చైనీస్ చదవడం: మాటలకి రంగులు వేసుకోవాలా, వద్దా?

మీ ప్రశ్న ఇదీ: నలభై ఏడేళ్ళ వయసులో చైనీస్ చదవడం మొదలుపెట్టారు, ఒక మాట ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో కంటికి ఆనట్లేదు, యాప్‌లో మాటలకి రంగులు వేసి చూపిస్తుంటే హాయిగా ఉంది, కానీ ఇదే అలవాటైతే మామూలు పుస్తకం చదవలేనేమోనని టెన్షన్. వేసుకోండి, ఆ భయం అక్కర్లేదు. కాకపోతే మీ వయసుకి రంగుకంటే ముందు చూసుకోవాల్సింది అక్షరం సైజు, ఫాంటు.

నేను చాలాకాలంగా చైనాలోని సుజౌలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. ఈ లిపి ఇరవైల్లో నేర్చుకున్నాను, ఇప్పుడు చత్వారం అద్దాలతో అదే లిపి చదువుతున్నాను.

మాటల మధ్య ఖాళీ లేకపోవడం నిజంగానే ఇబ్బంది. ఇక్కడ అందరూ చెప్పే ఉదాహరణ నాన్‌జింగ్ వంతెన పేరు. ఏడక్షరాలు. మూడో అక్షరం దగ్గర ఆగితే 'నాన్‌జింగ్ నగరం, యాంగ్సీ నది పెద్ద వంతెన', నాలుగో అక్షరం దాకా వెళ్ళి ఆగితే 'నాన్‌జింగ్ మేయర్ జియాంగ్ దాచియావ్' అని మనిషి పేరైపోతుంది. ఇక్కడి వాళ్ళు అలవాటు మీద సరిగ్గా విడగొట్టుకుంటారు. వాళ్ళకి మాటల మధ్య ఖాళీలు పెట్టి చదివించి చూస్తే పెద్దగా మేలూ జరగలేదు, కీడూ జరగలేదు, తప్పు చోట ఖాళీ పెడితే మాత్రం వేగం పడిపోయింది. నేర్చుకునే మనలాంటివాళ్ళకి మాట హద్దు కనిపిస్తే సాయమే. ఖాళీకంటే రంగు మేలని నా అభిప్రాయం, ఎందుకంటే చైనీస్‌లో కన్ను ఒక చూపులో ఎడమవైపు ఒక అక్షరం, కుడివైపు మూడక్షరాల దాకా అందుకుంటుంది, ఖాళీ పెడితే తర్వాతి మాట అంత దూరం జరిగిపోతుంది, రంగు దేన్నీ జరపదు.

రంగులు మాత్రం రెండూ ముదురువే పెట్టుకోండి, నలుపూ ముదురు నీలమూ చాలు. వయసుతోపాటు కంటి కటకం పసుపెక్కుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, లోపలికి వెలుతురు తక్కువ వెళ్తుంది. లేత ఆకుపచ్చ, లేత నారింజ లాంటివి మన వయసులో పేజీలో కలిసిపోతాయి.

ఇక అసలు సంగతి గీతలు. 'వినడం' అనే అక్షరానికి చైనాలో వాడే సులభ రూపంలో 7 గీతలు, తైవాన్, హాంకాంగ్‌లలో వాడే పాత రూపంలో 22, రెండూ అదే చదరంలో పట్టాలి. 'వెయ్' (ఇంకా కాదు), 'మో' (చివర) అనే అక్షరాలకైతే తేడా అల్లా రెండు అడ్డగీతల్లో పైది పొడవా, కిందిది పొడవా అన్నదే. తెలుగు పేపర్లో చిన్న అచ్చులో ఒత్తులు కలిసిపోయి కనిపిస్తాయే, అదే ఇబ్బంది ఇక్కడ చాలా అక్షరాల్లో ఉంటుంది. పుస్తకాల్లో వాడే సోంగ్ ఫాంటులో నిలువుగీతలు లావు, అడ్డగీతలు సన్నం, మసక వెలుతురులో ముందు పోయేవి ఆ అడ్డగీతలే. హేయ్ ఫాంటులో అన్నీ దాదాపు ఒకే లావు. ఫోన్లో అది పెట్టుకుని సైజు పెంచండి. చైనాలో అందరూ వాడే మెసేజింగ్ యాప్ వీచాట్‌లో పెద్దవాళ్ళ కోసం 2021లో పెట్టిన కేర్ మోడ్ మొహమాటం లేకుండా ఆన్ చేసుకోండి, నేను చేసుకున్నాను.

పిన్‌యిన్ (ఉచ్చారణని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి) మాత్రం అక్షరాల పైన పెట్టుకోవద్దు. మనకి ఇంగ్లీషు అక్షరాలు తేలిక కాబట్టి కన్ను అటే పోతుంది, చైనీస్ అక్షరం చూడనే చూడదు. అర్థం పట్టుకోవడానికి అక్షరంలో ఎడమవైపున్న భాగం చూడటం అలవాటు చేసుకోండి, మూడు నీటి చుక్కలుంటే నది, చెరువు, సముద్రం లాంటివేవో.

రంగులు తీసేయడం గురించి: ఒక పేరా రంగులతో చదివి, వెంటనే అదే పేరా రంగుల్లేకుండా చదవండి. 'ద', 'ల', 'జాయ్' అనే చిన్న అక్షరాలు ప్రతి వాక్యంలోనూ తగులుతుంటాయి, వాటిని చూడగానే గుర్తుపట్టడం వస్తే చాలా హద్దులు అవే చెప్పేస్తాయి. మిగతావాటిలో కొన్ని కామాలూ చుక్కలూ చెప్తాయి. చైనీస్‌లో ఇప్పటి విరామ చిహ్నాలను విద్యాశాఖ అధికారికంగా వాడమన్నదే 1920లో, అంతకుముందు పాఠకులే చాలాసార్లు ఎర్ర సిరాతో గుర్తులు పెట్టుకుంటూ చదివేవాళ్ళు. అందుకని గుర్తులు పెట్టుకుని చదవడం చిన్నతనమేమీ కాదు.

నెమ్మదిగా చదువుతున్నానని బాధపడకండి. ఇంగ్లీషు చదివే పెద్దవాళ్ళు కొన్ని మాటలు దాటేసి ఊహించుకుంటారంటారు, చైనీస్‌లో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళు దానికి తిరగేసి, కుర్రవాళ్ళకంటే తక్కువ దాటేస్తూ ఆగి ఆగి చూస్తారు. మీరు అద్దాల పవర్ ఈమధ్య చూపించుకోకపోతే, కొత్త యాప్ కొనేముందు ఆ పని చేయండి.