క్రీట్ రాతి ఇంటికి అడ్వాన్సు ఇప్పుడే పంపాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్. ఇద్దరం ఉద్యోగులం. చేతికి నెలకు 2.4 లక్షలు వస్తాయి. ఇంటి లోను ఈఎంఐ, ఖర్చులు, 40 వేల సిప్‌లు పోను 60 వేలు మిగులుతాయి. ఏప్రిల్‌లో లక్షన్నర బోనస్ వస్తుంది. 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. వచ్చే మే చివర్లో అత్తయ్య, మామయ్య, పిల్లలతో (14, 9 ఏళ్లు) గ్రీస్ వెళ్లాలని ఉంది. క్రీట్ దీవిలో హాన్యా దగ్గరి పల్లెలో, బాగుచేయించిన పాత రాతి ఇల్లు చూశాం. పది రాత్రులకు 2,000 యూరోలు. సగం డబ్బు యజమాని ఖాతాకు ఇప్పుడే పంపితే పది శాతం తగ్గిస్తారట, కానీ ఆ డబ్బు వాపసు ఇవ్వరు. టికెట్లు తలా 60 వేలు అవుతాయి. 4 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామని మావారు, ఎఫ్‌డీ తీసేద్దామని నేను. ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. ప్రయాణం మాత్రం మానుకోకండి. అత్తమామలను, పిల్లలను ఒకే కప్పు కింద ఉంచుకుని సెలవులు గడపాలన్న మీ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఆరుగురికి మూడు హోటల్ గదులకన్నా వంటగది ఉన్న ఇల్లే మీకు నయం.

ముందు ఆ పది శాతం తగ్గింపు సంగతి చూద్దాం. యూరో 105 రూపాయలనుకుంటే మీకు మిగిలేది 21 వేలు. అందుకోసం వాపసు రాని చోట పెడుతున్నది 900 యూరోలు, అంటే 94,500 రూపాయలు. ఇంకా మీ ఎవరికీ వీసా రాలేదు. గ్రీస్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఒకటే చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు వరకు దరఖాస్తే తీసుకోరు. ఆరుగురిలో ఒక్కరికి, ముఖ్యంగా పెద్దవాళ్లలో ఒకరికి, వీసా రాకపోతే మిగతా వాళ్లు బయల్దేరతారా? బయల్దేరరు. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బుకింగ్‌కు పూర్తి ధరే కట్టండి. వీసాకు బస రుజువుగా అదే పనికొస్తుంది.

అసలు ఆ ఇల్లు ఉందో లేదో కూడా చూసుకోవాలి. గ్రీస్‌లో ఇళ్లను రోజుల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు ప్రకటనలో ఏఎంఏ అనే రిజిస్ట్రేషన్ నంబరు చూపించాలి. విల్లాగా లైసెన్సు ఉంటే పర్యాటక శాఖ ఇచ్చిన నంబరు ఉంటుంది. ఆ రెండింటిలో ఏదో ఒక నంబరు అడగండి. జవాబు దాటవేస్తే ఆ ఇంటిని వదిలేయండి, ఫొటోలు ఎంత బాగున్నా సరే.

ఇక మొత్తం ఖర్చు. అద్దె 2.1 లక్షలు. 2025 జనవరి నుంచి గ్రీస్ వాతావరణ పన్ను పెరిగింది. 80 చదరపు మీటర్లు దాటిన విడి ఇంటికి ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా రాత్రికి 15 యూరోలు, అంటే పది రాత్రులకు 15,750 రూపాయలు. అద్దెలో ఇది కలిసి ఉందో లేదో యజమానిని రాతపూర్వకంగా అడగండి. వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు 45. మీ పెద్ద పిల్ల పెద్దవాళ్ల లెక్కలోకే వస్తుంది కాబట్టి 495 యూరోలు, దాదాపు 52 వేలు. వీసా రాకపోయినా అది తిరిగి రాదు. టికెట్లు 3.6 లక్షలు. పల్లెలో కారు లేకుండా కుదరదు. ఏడు సీట్ల కారుకు, ఇంటి వంటకు కలిపి రోజుకు 120 యూరోలు అనుకుంటే 1.26 లక్షలు. పెట్రోలు, బీమా, వీసా కేంద్రం చార్జీలు, ఏథెన్స్ నుంచి హాన్యాకు వెళ్లే ఖర్చు కలిపితే 8.2 లక్షలు. యూరో పెరిగితే తట్టుకోవడానికి పదో వంతు కలిపితే 9 లక్షలు.

పర్సనల్ లోన్ విషయం. 12 శాతం వడ్డీకి, మూడేళ్లకు 4 లక్షలు తీసుకుంటే నెలకు 13,286 కట్టాలి. వడ్డీయే 78 వేలు దాటుతుంది. సెలవు అయిపోయాక రెండేళ్లకు పైగా దాని ఈఎంఐ మీ జీతంలోంచి పోతూనే ఉంటుంది. ఎఫ్‌డీకి వస్తే, మీకు ఈఎంఐతో కలిపి నెలకు 1.4 లక్షలు ఖర్చవుతున్నాయి. ఆ 6 లక్షలు నాలుగు నెలల భద్రత మాత్రమే. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో అది అసలే తక్కువ. దాన్ని ముట్టుకోకండి. సిప్‌లు కూడా ఆపకండి.

నా సలహా, పదికి బదులు ఏడు రాత్రులు ఉండండి. రోజు అద్దె అలాగే ఉంటే మొత్తం దాదాపు 7.9 లక్షలకు దిగుతుంది. ఈ జూన్ నుంచి ఏప్రిల్ దాకా పదకొండు నెలలు 60 వేల చొప్పున విడి రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 6.6 లక్షలు. బోనస్‌తో 8.1 లక్షలు. అప్పు లేకుండా సరిపోతుంది. ఆ పదకొండు నెలలు మరో పెద్ద ఖర్చు పెట్టుకోకూడదు, అది కష్టమే. జనవరి, ఫిబ్రవరిలో వీసా ఫీజులకు, ఆ తర్వాత టికెట్లకు డబ్బు కావాలి కాబట్టి డిపాజిట్‌ను రెండుగా విడదీసి, ఒకటి ఫిబ్రవరికే ముగిసేలా పెట్టండి. టికెట్లు వీసాలు వచ్చాకే కొనండి.

టీసీఎస్ గురించి, అంటే విదేశీ ఖర్చులపై ముందే వసూలు చేసే పన్ను గురించి, భయం వద్దు. టికెట్లు వేరుగా, ఇల్లు వేరుగా మీరే బుక్ చేసుకుంటే అది టూర్ ప్యాకేజీ కిందికి రాదు. విదేశాలకు పంపే డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో పాన్‌కు 10 లక్షలు దాటనంతవరకు ఇలాంటి ఖర్చులకు టీసీఎస్ లేదు. ఏజెంటు అన్నీ కలిపి ప్యాకేజీగా అమ్మితే మాత్రం వసూలు చేస్తారు. అది రిటర్న్‌లో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది. సాధారణ క్రెడిట్ కార్డుతో అద్దె కడితే చాలా బ్యాంకులు 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీ చార్జీ), దానిపై జీఎస్టీ వేస్తాయి. ఏడు రాత్రుల అద్దె 1,400 యూరోల మీద అది ఆరు వేలు. మార్కప్ లేని కార్డు తీసుకోండి. అక్కడ దుకాణంలో మెషీన్ రూపాయల్లో కట్టమంటే, యూరోలే ఎంచుకోండి.

ఒక్క విషయం తప్పక అడగండి. పాత క్రీట్ ఇళ్లలో పడకగది చాలాసార్లు మేడ మీద ఉంటుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. అత్తయ్య, మామయ్యలకు కింది అంతస్తులో పడకగది, బాత్రూమ్ ఉన్నాయా? లేకపోతే ఇంకో ఇల్లు చూడండి, రాత్రికి పది యూరోలు ఎక్కువైనా సరే. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తప్పనిసరి. వాళ్లకు బీపీ, షుగర్ ఉంటే దరఖాస్తులో దాచకుండా రాసి, ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించే పాలసీ తీసుకోండి. ప్రీమియం ఎక్కువైనా అక్కడ మాత్రం పొదుపు చూడొద్దు. కారు నడిపేది మీవారైతే ఆర్టీఏలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోమనండి. అది ఏడాదే చెల్లుతుంది కాబట్టి ఏప్రిల్‌లో తీసుకుంటే చాలు.